కార్లో చోటు లేదన్న అక్క

ఆమె చనిపోయిన కబురు చెప్పడానికి వచ్చిన మనిషి ముందుగా ఒక జాకెట్టు గుడ్డ తీసి నా బల్ల మీద పెట్టింది. ఆ రోజు శుక్రవారం. కువైట్‌లోని అబ్బాసియాలో శుక్రవారమంటే మా టైలరింగ్ షాపులో కాలు పెట్టే సందుండదు. వారమంతా అరబ్బుల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఆ ఒక్కరోజే బయటికి వస్తారు. నేను టేపు అందుకుని లేచాను. కానీ ఆవిడ వచ్చింది కొలతలివ్వడానికి కాదని ఆవిడ నిలబడిన తీరులోనే తెలిసిపోయింది.

"మీరు రాయచోటి అమ్మాయేనాండి? అప్పట్లో అర్దియాలో సేసేవారంట గదా?"

"అవును. మీరెవురు?"

"ఆవిడ సెల్లెల్నండి," అని వాళ్ల అక్క పేరు చెప్పింది. "పోయిన నెల పోయిందండి. అక్కడే, స్కాట్లాండులోనే, ఆసుపత్రిలో. మీ గురించి శానాసార్లు సెప్పేదండి. అందుకే ఎతుక్కుంటా వచ్చేను."

ఆ పేరు ఇక్కడ రాయను. నేనామెను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. అక్కా అనే అన్నాను. ఇప్పుడు కూడా నోటికి ఆ మాటే వస్తుంది, నాకు ఇష్టం లేకపోయినా.

ఆవిడను కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఆవిడ ఆసుపత్రి సంగతులు చెబుతూ ఉంది. నేను వింటున్నట్టు తల ఊపాను గానీ నా చెవుల్లో మాత్రం మరో గొంతు మొదలైంది. "ఏడుపొత్తందా పిల్లా?" అనే గొంతు.

అది ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట. నేను కువైట్ వచ్చిన వారానికే, అర్దియాలో మా బాబా ఇంటి పెరటి వంటగదిలో, గోడకు ఆనుకుని ఏడుస్తున్నాను. బాబా అంటే యజమాని. ఆయన భార్యను మామా అనేవాళ్లం, ఆయన తల్లిని ముసలి మామా అనుకునేవాళ్లం. వంటగది అక్కది. ఆమె కోనసీమ మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్దది. పొట్టిగా, గట్టిగా, కొప్పు ఎప్పుడూ ఒక పక్కకు జారిపోతూ ఉండేది. ఏడుస్తున్న నన్ను ఓదార్చలేదు. ఒక బుట్ట తెచ్చి ముందు పెట్టింది.

"ఇలా కూసుని ఉల్లిపాయలు కొయ్యి. ఎంతేడిసినా ఎవురూ అడగరు."

కోశాను. ఆ రోజంతా ఏడ్చాను. మామా వచ్చి చూసి, ఉల్లిపాయలు చాలా ఘాటుగా ఉన్నాయని తనే ముక్కు తుడుచుకుని వెళ్లిపోయింది. అక్క తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను. కువైట్‌లో నా మొదటి నవ్వు అదే.

మొదట్లో ఆమె మాట నాకు సగం అర్థమయ్యేది కాదు. ఒకసారి పెరట్లోంచి "గమ్మున రావే!" అని కేక వేసింది. మా వైపు గమ్మున అంటే నోరు మెదపకుండా అని. నేను చెప్పులు విప్పి, అడుగుల చప్పుడు కూడా వినిపించకుండా మెల్లగా నడిచి వెళ్లాను. వాళ్ల వైపు గమ్మున అంటే గబగబా అట. నేను వెళ్లేసరికి పాలన్నీ పొంగి పొయ్యి చుట్టూ కారిపోయాయి. ఆమె నా వైపు, పాల వైపు చూసి, "దొంగపిల్లిలాగా వత్తావేంటే!" అని, తిట్టడం మానేసి నవ్వడం మొదలుపెట్టింది.

ఖాళీ చేతులతో ఆమెను నేనెప్పుడూ చూడలేదు. గరిటో, తడిగుడ్డో, ఏదీ లేకపోతే ఖాళీ బకెట్టో పట్టుకుని తిరిగేది. "ఖాళీ సేతులు కనపడ్డాయంటే పని సెప్పేత్తారే," అనేది. బకెట్టు పట్టుకుని పెరటి గోడ దగ్గర నిలబడి పక్కింటి వంటమనిషితో ఎంతసేపు కబుర్లు చెప్పినా మామా ఏమీ అనేది కాదు. బకెట్టు ఉంది కాబట్టి పనిలో ఉన్నట్టే లెక్క.

అబద్ధాలు కూడా చక్కగా ఆడేది. అన్నం మాడితే బియ్యం మంచివి కావనేది. తను పగలగొట్టిన గ్లాసు పిల్లి పడేసిందనేది. ఆ ఇంట్లోకి పిల్లి వచ్చే దారే లేదు. నేను భయపడితే, "అరబీలో సెప్పింది అబద్ధం కాదే పిల్లా, అది డ్యూటీ. తెలుగులో నీకెప్పుడన్నా అబద్ధం సెప్పేనా?" అనేది. నిజంగానే చెప్పలేదు. అప్పటి దాకా.

ఇంకో సంగతి. ఏది దొరికినా సగం చేసేది. దివానియా అనే ముందు హాల్లో మగవాళ్ల విందు అయిపోయాక మిగిలిన మిఠాయి, బాబా పిల్లలు కొరికి వదిలేసిన ఆపిల్, ఏదైనా సరే కత్తితో సరిగ్గా మధ్యకు కోసి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, నన్నే ముందు తీసుకోమనేది. పెద్ద ముక్క నాకు రావాలని కాదు, తను మోసం చెయ్యలేదని నాకు తెలియాలని. మా ఇంట్లో మా అమ్మ కూడా నాకు అంత లెక్కగా పెట్టి ఎరుగదు.

అందుకే, నేను వచ్చిన కొన్నేళ్లకు, ఒక వేసవిలో మామా మా ఇద్దరినీ పిలిచి బ్రిటన్‌కు తీసుకెళ్తామని చెప్పినప్పుడు నాకు భయం వెయ్యలేదు. అక్క ఉంది కదా అనుకున్నాను.

వాళ్లు ప్రతి వేసవికీ లండన్ వెళ్లేవాళ్లు. ఆసారి బాబా స్నేహితుడెవరో స్కాట్లాండులో సముద్రపు ఒడ్డున ఒక ఇల్లు అద్దెకిస్తారని, అక్కడ ఆగస్టులో కూడా వాన పడుతుందని చెప్పాడట. వాన అనే మాట విని బాబా ఇంకేమీ అడగలేదు. మామాకు మాత్రం లండన్ షాపులు పోతున్నాయని కోపం. ముసలి మామాను చూసుకోవడానికి నన్ను, వంటకు అక్కను వెంట తీసుకెళ్లారు. బాస్మతి బియ్యం, ఎండు నిమ్మకాయలు, ఖర్జూరాలు, ఇంట్లోని పెద్ద తపేలా కూడా వెంట వచ్చాయి. పాస్‌పోర్టులన్నీ బాబా చేతిసంచిలో ఉన్నాయి.

తెల్ల సున్నం వేసిన రాతి ఇల్లు అది. గుమ్మం ముందు గడ్డి, గడ్డి దాటితే నల్లరాళ్లు, రాళ్లు దాటితే సముద్రం. చుట్టుపక్కల గొర్రెలు తప్ప మనుషులు లేరు. ఇంటామె ఒక ముసలావిడ, కుక్కను వెంటబెట్టుకుని వచ్చి తాళాలిచ్చింది. బాబాకు ఇల్లంతా చూపిస్తూ మాటిమాటికీ "సెల్ఫ్ కేటరింగ్" అంది.

"యాని షినో?" అంది మామా, అంటే ఏమిటని.

ఇక్కడ హోటల్లోలా వంట చేసి పెట్టేవాళ్లుండరు, మన వంట మనమే చేసుకోవాలి అని బాబా చెప్పాడు. మామా ముఖం వాడిపోయింది. అంతలో మా ఇద్దరినీ చూసి, ఓ అంతేనా అన్నట్టు తేలిగ్గా నవ్వింది.

అక్క నా చెవిలో, "ఆ సెల్ఫు మనమేనే," అంది.

మాకు బట్టలుతికే మెషిను ఉన్న చిన్న గది ఇచ్చారు. నేల మీద పరుపులు. సబ్బుపొడి వాసన. కానీ దానికి కిటికీ ఉంది, కిటికీలో సముద్రం ఉంది. అక్క సంచి కింద పెట్టకుండానే కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనిషి. కువైట్‌లో సముద్రం కారులో కాస్త దూరమే. అయినా అన్నేళ్లలో ఆమె దాన్ని బాబా షర్క్ మార్కెట్‌కు చేపలకు వెళ్లినప్పుడు కారు అద్దంలోంచి చూడడమే తప్ప కాళ్లు తడుపుకోలేదు.

మర్నాడు బాబా వాళ్లు కారులో ఊరు చూడడానికి వెళ్లగానే బకెట్టు పట్టుకుని రాళ్ల మీదుగా దిగిపోయింది. నేను ముసలి మామాను చక్రాల కుర్చీలో గుమ్మం దాకా తీసుకొచ్చి కూర్చోబెట్టి చూస్తున్నాను. బకెట్టు ఒడ్డున పెట్టి, నైటీ మోకాళ్ల పైకి ఎత్తుకుని నీళ్లలోకి దిగింది. ఒక్క అరుపు అరిచింది. మంచు లాంటి నీళ్లు. పరిగెత్తి వస్తుందనుకున్నాను. రాలేదు. అక్కడే నిలబడి మామాను తిట్టడం మొదలుపెట్టింది. అన్నేళ్లుగా దాచుకున్నవన్నీ, గాలికి ఎదురుగా, గోదావరి తెలుగులో, గొంతు చించుకుని. మామా నడకను, మామా వంకరలను, మామా పెట్టిన చద్దన్నాన్ని. ఆ తిట్లు ఒక్కటీ ఇక్కడ రాయదగ్గవి కావు. చుట్టూ గొర్రెలు మేస్తున్నాయి.

"పాట పాడుతోందా?" అని అడిగింది ముసలి మామా అరబీలో.

"అవును మామా," అన్నాను.

"మంచి గొంతు," అంది ఆవిడ.

ఈ మాట అక్కకు చెబితే గడ్డి మీద పడి పొర్లి నవ్వింది. ఆ రోజు ఆమెను చూసి నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇప్పుడు ఆ దృశ్యాన్ని తలుచుకుంటే ముచ్చట వేస్తుంది, వెంటనే ఒళ్లు మండుతుంది. రెండూ విడదీయడం నాకు ఇప్పటికీ చేతకాదు.

రొట్టె, పాలు కొనడానికి పైరోడ్డు మీద ఒకే ఒక దుకాణం ఉండేది. పంజాబీ దంపతులది. ఆవిడ సల్వార్ కమీజు మీద మందపాటి స్వెట్టరు వేసుకుని గల్లా దగ్గర కూర్చునేది. ఆంటీ అని పిలిచేవాళ్లం. అక్కకు హిందీ బాగా వచ్చు. రోజూ ఏదో ఒక వంకతో వెళ్లేది, బకెట్టుతో సహా. రొట్టె బకెట్లో ఎందుకని అడిగితే, "వానొత్తే తడవకుండా పైన గుడ్డ కప్పుకుంటానే," అంది. నిజమే, పైన గుడ్డ కప్పి ఉండేది.

నాలుగైదు రోజులయ్యాక నన్ను రాళ్ల మీద కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ దేశంలో పాస్‌పోర్టు మన దగ్గర్నించి లాక్కోకూడదంట. ఆంటీ సెప్పింది. పనోళ్లు ఇష్టం లేకపోతే ఇల్లు మారొచ్చంట. గ్లాస్గోలో ఆంటీ సుట్టాలున్నారు. మనలాంటోళ్లకి కాయితాలు ఇప్పిత్తారంట. ఆంటీ కార్లో దింపుతానంది."

"మనం పారిపోవాల్నా అక్కా?"

"పారిపోడం ఏంటే. ఎల్లిపోడం."

"నాకు లీవిస్తానని మామా మాటిచ్చిందే. ఈడినుంచి పోతానే ఊరికి పంపిస్తాదంట. నా బిడ్డకు నాలుగేండ్లు. నన్ను ఫోన్లో తప్ప ఎరగదు."

"నాకూ ఇచ్చింది మాట. నాలుగేళ్ల నించీ ఇత్తానే ఉంది." కొప్పు సర్దుకుంది. "ఇక్కడైతే మన కాయితాలు మన సేతిలో ఉంటాయి. నీకు బుద్ధి పుట్టినప్పుడు ఎల్లి బిడ్డని సూసుకోవచ్చు. ఎవుర్నీ అడుక్కోక్కర్లేదు."

"ముసలి మామా ఒక్కతే ఉంటాది గదక్కా. లేసి పడిపోతే?"

ఆమె నా వంక వింతగా చూసింది. నేను బయమైతాందని, రాలేనని చెప్పాను. ఆమె బతిమాలింది. కోప్పడింది. "నిన్నొదిలేసి నేనెల్తానేంటే? ఎల్తే ఇద్దరం ఎల్దాం, లేపోతే ఇద్దరం సచ్చేదాకా ఆ పెరట్లోనే ఉల్లిపాయలు కోద్దాం," అంది.

ఆ మాటకు నేను లొంగిపోయాను. మర్నాడు బట్టలు ఆరేస్తూ, "వస్తానక్కా," అని చెప్పాను. ఆమె తడి చేతులతో నా రెండు బుగ్గలూ పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. సంతోషమనుకున్నాను.

ఆ వారంలోనే బాబా ఒక పడవ మాట్లాడాడు. సముద్రం మధ్య రాళ్ల మీద సీళ్లనే జంతువులు పడుకుని ఉంటాయట, పిల్లలకు చూపించడానికి. ముసలి మామాకు పడవ పడదు కాబట్టి మాతో ఇంట్లోనే ఉంటుంది. ఆ రోజే అనుకున్నాం. ముసలి మామా మధ్యాహ్నం నమాజు చేసుకుని, తిని, కుర్చీలోనే కునుకు తీస్తుంది. అప్పుడు.

ఆవిడ కళ్లు మూసుకోగానే అక్క బకెట్టు అందుకుంది.

"నేను కొట్టుకాడికెళ్లి ఆంటీని కారుతో తీసుకొత్తాను. నువ్వు కోటేసుకుని సంచితో ఎనక గుమ్మం కాడ కూసో. హారన్ కొట్టం, ముసల్ది లేత్తాది. నువ్వే కనిపెట్టుకుని ఉండు."

"నీ బట్టలు యాడక్కా?"

"అయ్యన్నీ నేను సూసుకుంటాలే."

గడ్డి దాటి, వాలు ఎక్కి, రోడ్డు మీదికి వెళ్లింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను కోటు వేసుకుని వెనక గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి ఆంటీ ఎర్రకారు పైరోడ్డు మీద కనిపించింది. లేచి నిలబడ్డాను. కారు మా సందు దాటి ముందుకు పోయింది. తిప్పుకోవడానికి వీలైన చోటు కోసం వెళ్లిందనుకున్నాను. అక్కడ రోడ్లు ఇరుకు. అందుకే నిలబడే ఉన్నాను. రెండు చేతులతో సంచి పట్టుకుని, కారు వెళ్లిన వైపే చూస్తూ.

లోపల ముసలి మామా లేచింది. చాయ్ అడిగింది. కోటు విప్పకుండానే చాయ్ పెట్టాను. కిటికీలోంచి రోడ్డు చూస్తూ పెట్టాను. పంచదార వేశానో లేదో కూడా తెలియదు. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "చలిగా ఉందా బిడ్డా?" అంది. అవునన్నాను. మళ్లీ వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను.

కారు వచ్చింది. అది బాబా కారు.

పిల్లలు సీళ్ల గురించి అరుచుకుంటూ దిగారు. మామా తడి తలతో వెనక గుమ్మం వైపు వచ్చి, మెట్టు మీద కోటుతో, సంచితో ఉన్న నన్ను చూసి ఆగిపోయింది.

"వేన్‌హా?" అంది. అదెక్కడ?

నాకు తెలియదన్నాను. నేను అరబీలో చెప్పిన మాటల్లో అంతకంటే నిజమైనది లేదు. మామా నమ్మలేదు. సంచి లాక్కుని నేల మీద బోర్లించింది. తరువాత మా గదిలోకి వెళ్లి అక్క సామాను వెతికింది. అక్క వైపు అల్మరాలో ఒక పాత తువ్వాలు తప్ప ఏమీ లేదు. ఉన్న బట్టలన్నీ ఏమయ్యాయో నాకప్పుడు అర్థమైంది. రోజుకో జత, బకెట్లో, గుడ్డ కింద, దుకాణానికి చేరిపోయాయి. నా పక్కనే పడుకుని, నా బుగ్గలు పట్టుకుని, నా ఎదురుగానే ఆ బకెట్టు ఎత్తుకుని రోజూ వెళ్లింది. నేను వస్తానని చెప్పకముందు నుంచీ. చెప్పాక కూడా.

మర్నాడు మామా నా మోచెయ్యి పట్టుకుని దుకాణానికి తీసుకెళ్లింది. రొట్టె కొనడానికే. అక్క సంగతి అక్కడ తెలుస్తుందని ఆమెకు తోచలేదు. బకెట్టు దుకాణం మెట్ల పక్కన బోర్లించి ఉంది. నేను దాని వైపు చూడకుండా లోపలికి నడిచాను. మామా ఫ్రిజ్ దగ్గర పాల సీసాలు చూస్తుంటే ఆంటీ ముందుకు వంగి, మెల్లగా హిందీలో అడిగింది.

"డర్ గయీ నా, బేటీ? భయపడ్డావు కదా? నువ్వు రానన్నావని ఆమె చెప్పింది. మీ సందు దగ్గర కారు ఆపుతానన్నా వద్దంది. పాపం, కార్లో నీ గురించి ఏడ్చింది."

నాకు వచ్చిన హిందీ కాస్తే. మాటలు కూర్చుకుంటున్నాను. నేను రానన్లేదు, కోటు వేసుకుని కూర్చున్నాను అని చెప్పాలి. మామా అప్పటికే పక్కకు వచ్చేసింది.

"ఏమంటోంది?"

"రొట్టె తాజాదేనంటోంది మామా," అన్నాను.

రెండు రోజులకే సెలవు మధ్యలో ఆపి అందరూ తిరుగు ప్రయాణమయ్యారు. నా లీవు ఖలాస్. "నువ్వు కూడా దాని లాంటిదానివే," అంది మామా. పెరటి గేటుకు తాళం పడింది. శుక్రవారాలు పోయాయి. వంటగది కూడా నా నెత్తిన పడింది. తరువాత రెండు వేసవులు గడిచాక గానీ నన్ను ఊరికి పంపలేదు. వెళ్లేసరికి నా కూతురు బడికి పోతోంది. నన్ను చూసి వాళ్ల అవ్వ వెనక దాక్కుని, "ఈమె ఎవురవ్వా?" అని అడిగింది.

మధ్యలో ఒకసారి ఫోన్ వచ్చింది. ఆ ఇంటి ఫోనే. పొద్దున బాబా షర్క్‌లోని ఆఫీసుకు వెళ్లాక నేనే ఎత్తాను.

"పిల్లా," అంది.

ఆ గొంతు ఎవరిదో ఒక్క మాటకే తెలిసింది.

"బావున్నావా? నిన్నేమైనా అన్నారా? ఏం సెయ్యమంటావే, కార్లో సోటు లేదే పిల్లా. ఆంటీ సామాన్లు తెచ్చింది వెనక సీటు నిండా. నేనేం సేసేది?"

ఆ ఎర్రకారు వెనక సీటు నేను చూశాను. ఖాళీగా మా సందు దాటిపోయింది. ఆమె ఆ మాట అరబీలో చెప్పి ఉంటే డ్యూటీ అనుకుని నవ్వి ఊరుకునేదాన్ని. తెలుగులో చెప్పింది. నేను ఫోన్ పెట్టేశాను. ఆమె మళ్లీ చెయ్యలేదు.

ఎందుకలా చేసిందని చాలా ఏళ్లు ఆలోచించాను. ఇద్దరైతే ఆంటీ వాళ్లు కాదంటారని భయపడిందా? ముసలి మామా పడిపోతుందన్న నా మాట మనసులో పడి, ఒకరు ఉండాలి, అది నేనే కావాలి అనుకుందా? లేక, వెళ్లేది ఒక్కతే అయినప్పుడు వెతికేవాళ్లకు ఇంట్లో పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే మంచిదనుకుందా? ఒక్కోసారి ఒక్కోటి నిజమనిపిస్తుంది. ఏదీ నాకు ఊరటనివ్వలేదు. చెప్పి వెళ్లి ఉంటే, నేనే గేటు దాకా సాగనంపి ఉండేదాన్ని. ఆ సంగతి ఆమెకు తెలుసు. అదే నాకు మింగుడుపడదు.

ఆ ఇల్లు వదిలి, వీసా మార్చుకుని, కుట్టుపని నేర్చుకుని ఈ షాపుకు వచ్చి చాలా కాలమైంది. ఈ కథ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆమె చెల్లెలు నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నా కథే నాకు చెబుతోంది.

"మిమ్మల్ని తల్సుకోని రోజు లేదండి. పాపం ఆ పిల్లని ఎంత బతిమాలేనో, కాళ్లట్టుకున్నంత పని సేసేను, బయపడిపోయి రానందే, వత్తే దాని బతుకు మారిపోయేదే అనేదండి. కారు మీ గుమ్మం ముందే ఆపి శానాసేపు సూసేరంట గదాండి?"

టీ గ్లాసు కింద పెట్టాను. ఇది అక్క చెప్పిన మూడో రకం. ఆంటీకి ఒకటి, నాకు ఒకటి, ఊళ్లోవాళ్లకు ఒకటి.

"ఆపలేదమ్మా," అన్నాను. "నేను రానన్లేదు. వస్తానన్నా. సంచి సర్దుకోని, కోటేసుకోని కూచున్నా. మీయక్క నన్ను ఇడిసిపెట్టి పాయ."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "అదేంటండి అలాగంటారు? సచ్చిపోయినామె మీద..."

"సచ్చిపోయినామె మీద అబద్ధం చెప్పల్నా మరి?"

షాపులో మిషన్లు ఆగాయి. ఆవిడ లేవబోయింది. అంతలో ఆవిడ చేతిలో ఫోన్ మోగింది. చూసుకుని తటపటాయించింది. "మా అక్క కూతురండి. అమలాపురం నించి. మీరు దొరికితే మాటాడించమందండి." ఇవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయింది. నేనే చెయ్యి చాపి తీసుకున్నాను.

అవతలి గొంతు లేతగా, జాగ్రత్తగా ఉంది. "పిన్నిగారూ, నేనండి. అమ్మ మిమ్మల్ని రమ్మంటే మీరు భయపడి రాలేదని చెప్పేదండి. మీరు బాధపడకండి, ఆ విషయం..."

"లేదమ్మా," అన్నాను. చెల్లెలు నా వైపు చేతులు జోడించి, వద్దన్నట్టు తల ఊపుతోంది. చూశాను. అయినా చెప్పాను. "మీయమ్మ నన్ను పిలిచింది. నేను వస్తానన్నా. ఆయమ్మ నాకు చెప్పకుండా ఒక్కతే పోయింది. ఎదురుచూస్తానే ఉన్న్యా."

ఏడుస్తోందేమో అనుకున్నాను. తిడుతుందేమో అని కూడా అనుకున్నాను.

"నాకూ అంతేనండి," అంది చివరికి. "పదో తరగతి అవ్వగానే తీసుకెళ్తానంది. అయ్యాక ఇంటర్ అవ్వనీ అంది. తర్వాత డిగ్రీ అంది. పాస్‌పోర్టు తీయించుకున్నానండి, అది కూడా పాతబడిపోయింది. అడిగితే అక్కడ చలి, నీకు పడదు అనేది. ఊళ్లో అందరికీ మాత్రం నేనే రానన్నానని చెప్పిందంటండి. అమ్మమ్మని వదల్లేక నేనే రానన్నానంట."

ఫోన్లోంచి ఆ మాటలు పక్కకూ వినిపించాయి. చెల్లెలు స్టూలు మీద మళ్లీ కూర్చుండిపోయింది. ఈ మాట ఆవిడకూ కొత్తదని ముఖం చెబుతోంది.

"పిన్నిగారూ, మీరు అమ్మని క్షమించారాండి?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఆ పిల్ల తల్లి పోయి నెల కూడా కాలేదు.

"లేదమ్మా," అన్నాను.

"నేనూ లేదండి," అంది. "ఇప్పటిదాకా ఈ మాట ఎవరితోనూ అన్లేదండి."

బయట శుక్రవారపు జనం గోలగోలగా ఉన్నారు. నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. అవతల ఆ పిల్ల ఊపిరి వినిపిస్తోంది. తను ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.